హెర్బల్ పీల్: మంటకు, ఖర్చుకు తగ్గ ఫలితం ఉంటుందా?

సూరత్ రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లను ఆనుకొని ఉన్న పాత పేట సలాబత్‌పురా. ఏ వీధిలో చూసినా చీరల మూటలు, వాటిని మోసే బండ్లు. తెలంగాణలోని కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి సాంచాల మీద పనికి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు సూరత్‌లో పెద్ద సంఖ్యలో ఉన్నాయి. వాళ్ల పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. ఇలాంటి ఇంట్లో పెళ్లి కుదిరితే చీరల కోసం దూరం పోవాల్సిన పనిలేదు. కానీ పెళ్లి ఖర్చుల పట్టికలో కొన్నేళ్లుగా ఒక కొత్త పద్దు చేరింది: పెళ్లికూతురి ముఖానికి ‘హెర్బల్ పీల్’.

ఊరూరా బ్యూటీ పార్లర్లలో వినిపించే మాట ఒకటే. మూలికలతో చేసింది, కెమికల్ కాదు, కాబట్టి భయం లేదు. నాలుగైదు రోజులు ముఖం మండుతుంది, ఎర్రబడుతుంది, పొట్టు రాలుతుంది. తర్వాత కొత్త చర్మం వస్తుంది. ‘మంట లేస్తేనే మందు పట్టినట్టు అక్కా’ అని ధైర్యం చెబుతారు. ఒక సిట్టింగ్‌తో సరిపోదు, నాలుగో ఆరో చేయించుకోవాలంటారు. సిట్టింగ్‌కు 1,500 రూపాయలే అనుకున్నా ఆరింటికి 9,000. పీల్ తర్వాత రాసుకోవాల్సిన క్రీములు వేరే. పొట్టు రాలే రోజుల్లో దుకాణంలో నిలబడి అమ్మకాలు చేసే అమ్మాయి సెలవు పెట్టక తప్పదు. ఆ రోజుల కూలీ కూడా ఈ లెక్కలోదే.

ఇంత ఖర్చుకు, ఇంత బాధకు వచ్చేదేమిటి? జవాబు కావాలంటే ‘హెర్బల్’ అనే మాటను కాసేపు పక్కన పెట్టి, ముఖం మీద పనిచేసేది ఏదో చూడాలి.

ఒలిచేది ఏ పొరను?

చర్మానికి అన్నిటికన్నా పైన ఉండేది మృతకణాల పొర. మందం 10 నుంచి 20 మైక్రోమీటర్లు. తల వెంట్రుక మందంలో నాలుగో వంతు కూడా ఉండదు. అయినా ఒంట్లోని నీరు ఆవిరైపోకుండా, బయటి రసాయనాలు, క్రిములు లోపలికి పోకుండా ఆపే గోడ ఇదే. బాహ్యచర్మం అడుగున పుట్టిన కణం పైకి జరుగుతూ, చనిపోయి, చివరికి రాలిపోవడానికి సుమారు 4 వారాలు పడుతుంది. వయసు పెరిగేకొద్దీ ఇంకా ఆలస్యమవుతుంది. అంటే ఏ పార్లరుకూ వెళ్లకపోయినా చర్మం ప్రతి నెలా తనను తాను ఒలుచుకుంటూనే ఉంటుంది.

మృతకణాలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే ప్రొటీన్ బంధాలు ఉంటాయి. పీల్ చేసే పని ఆ బంధాలను తొందరగా తెంచడమే. ఎంత లోతు వరకు తెంచుతుందన్న దాన్ని బట్టి దాన్ని పైపై పీల్, మధ్యస్థ పీల్, లోతైన పీల్ అంటారు. పైపైది బాహ్యచర్మం దాటదు. లోతైనది అంతశ్చర్మంలోకి దిగుతుంది; అది కాలిన గాయానికి సమానం.

సూరత్‌లో బట్ట పని తెలిసినవాళ్లకు ఈ సంగతి చెప్పడం తేలిక. ఇక్కడి ప్రాసెస్ హౌసుల్లో పాలిస్టర్ బట్టకు పట్టులాంటి మెత్తదనం రావాలంటే ‘వెయిట్ రిడక్షన్’ చేస్తారు. వేడి కాస్టిక్ సోడా ద్రావణం పోగు పైపొరను కొద్దికొద్దిగా తినేస్తుంది. పోగు సన్నబడి బట్ట జాలువారుతుంది. గాఢత, వేడి, సమయం... ఈ మూడింటిలో ఏది తప్పినా బట్ట చినుగుతుంది. అందుకే అక్కడ ఏదీ కంటి అంచనా మీద నడవదు, కొలత మీద నడుస్తుంది. ముఖం మీద చేసే పీల్ కూడా ఇలాంటి పనే. ఒక తేడా మాత్రం ఉంది. పాలిస్టర్ బట్ట గాయానికి స్పందించి నల్లబడదు. చర్మం నల్లబడుతుంది. ఈ తేడా దగ్గరికి తర్వాత వద్దాం.

వంటింటి ఆమ్లం, ఆస్పత్రి ఆమ్లం

చర్మవైద్యులు వాడే పీల్ ఆమ్లాల పుట్టింటి పేర్లు చూస్తే చాలామందికి ఆశ్చర్యం కలుగుతుంది. గ్లైకోలిక్ ఆమ్లం చెరకులో ఉంటుంది. లాక్టిక్ ఆమ్లం పులిసిన పెరుగులోది. టార్టారిక్ ఆమ్లం చింతపండుకు పులుపునిచ్చేది. సాలిసిలిక్ ఆమ్లం పేరు విల్లో చెట్టు లాటిన్ పేరైన ‘సాలిక్స్’ నుంచి వచ్చింది. చేదు బాదం నుంచి తొలిసారి తయారైంది కాబట్టి మాండెలిక్ ఆమ్లానికి బాదాన్ని సూచించే జర్మన్ మాట పేరైంది. కాబట్టి ‘కెమికల్ పీల్’, ‘హెర్బల్ పీల్’ అని గీత గీయడానికి రసాయన శాస్త్రంలో చోటు లేదు. నేడు మార్కెట్లో దొరికే గ్లైకోలిక్ ఆమ్లం చాలావరకు కర్మాగారంలో తయారైనదే. చెరకులోని అణువుకూ దానికీ తేడా లేదు. చర్మం పుట్టింటి పేరు అడగదు, మోతాదు చూస్తుంది.

ఈ ఆమ్లాల ప్రభావం మీద ఆధునిక పరిశోధనకు దారి తీసినది 1974లో అమెరికాలో యూజీన్ వాన్ స్కాట్, రూయీ యూ ప్రచురించిన అధ్యయనం. చేప పొలుసుల్లా చర్మం బిరుసెక్కే ఇక్తియోసిస్ అనే జబ్బులో ఆల్ఫా హైడ్రాక్సీ ఆమ్లాలు ఆ పొలుసులను వదులు చేస్తాయని వారు చూపించారు. అందం కోసం వాడకం ఆ తర్వాత పెరిగింది.

మోతాదు అంటే శాతం ఒక్కటే కాదు. ఇక్కడే చాలా సీసాల మీది లేబుళ్లు మనకు అసలు సంగతి చెప్పవు. ఆమ్లంలో విద్యుదావేశం లేని రూపమే చర్మంలోకి సులువుగా చొరబడుతుంది. ఆ రూపం ఎంత ఉంటుందో నిర్ణయించేది ద్రావణం పీహెచ్. గ్లైకోలిక్ ఆమ్లం పీహెచ్ 3 దగ్గర దాదాపు 87 శాతం చొరబడగల రూపంలో ఉంటుంది. పీహెచ్ 5 దగ్గర అది సుమారు 6 శాతానికి పడిపోతుంది. రెండు సీసాల మీదా ‘10 శాతం’ అనే రాసి ఉండవచ్చు. ఒకటి ఏమీ చేయకపోవచ్చు, రెండోది ముఖాన్ని మండించవచ్చు. అమెరికాలో సౌందర్య సాధనాల ముడిపదార్థాలను పరిశీలించే నిపుణుల సంఘం ఇంట్లో వాడే ఉత్పత్తుల్లో ఈ ఆమ్లాలు 10 శాతం మించకూడదని, పీహెచ్ 3.5కు తగ్గకూడదని చెప్పడానికి కారణం ఇదే. శిక్షణ పొందినవారు సెలూన్లో కొద్దిసేపు రాసి కడిగేసేవాటికి 30 శాతం, పీహెచ్ 3 హద్దు పెట్టింది. చర్మవైద్యుల దగ్గర గ్లైకోలిక్ ఆమ్లం 70 శాతం దాకా కూడా వాడతారు. అయితే అక్కడ గడియారం చూస్తూ, సమయానికి దాన్ని తటస్థీకరిస్తారు.

గిన్నెలో కలిపిన మూలికల ముద్దకు శాతం ఏది? పీహెచ్ ఏది? కలిపినవాళ్లను అడిగితే జవాబు దొరకదు. చాలాసార్లు వాళ్లకూ తెలియదు.

మూడు దారులు

హెర్బల్ పీల్ పేరుతో అమ్మే వాటిలో చర్మాన్ని ఒలిచేవి ముఖ్యంగా మూడు రకాలు. ఒకటి, పైన చెప్పిన పండ్ల ఆమ్లాలు. రెండోది, ప్రొటీన్‌ను కత్తిరించే ఎంజైములు: బొప్పాయిలోని పపైన్, అనాసలోని బ్రోమిలైన్. కబాబులు చేసేవాళ్లు మాంసానికి పచ్చి బొప్పాయి ముద్ద పట్టించేది ఎందుకో గుర్తు తెచ్చుకుంటే దీని పని అర్థమవుతుంది. మాంసాన్ని మెత్తబరిచే ఎంజైమే మృతకణాల మధ్య బంధాలనూ కోస్తుంది. పండిన బొప్పాయి గుజ్జులో దీని శక్తి తక్కువ, పచ్చికాయ పాలలో ఎక్కువ. అయితే కొందరికి పపైన్ పడదు. చర్మం మీద పూసే పపైన్ మందుల వల్ల తీవ్రమైన అలెర్జీ ప్రతిచర్యలు వచ్చాయన్న నివేదికలతో, అనుమతి లేని అలాంటి మందుల అమ్మకాన్ని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో ఆపించింది.

మూడోది రాపిడి. పొడిచేసిన ఎండు ఆకులు, గింజల తొక్కలు ముఖం మీద గట్టిగా రుద్దడం. ఈ కోవలో పేరున్నది జర్మనీలోని ఎస్సెన్‌కు చెందిన క్రిస్టీన్ ష్రామెక్ గత శతాబ్దంలో రూపొందించిన మూలికల పీల్. మూలికల మిశ్రమాన్ని చర్మంలోకి మర్దన చేస్తారు, కొన్ని రోజుల్లో పొట్టు రాలుతుంది. ఆ తర్వాత ప్రపంచమంతటా ఇలాంటివి చాలా వచ్చాయి. వాటిలో కొన్నింటిలో గుచ్చుకునే పని చేసేది మూలికే కాదు. స్పాంజిల్లా అనే మంచినీటి స్పంజిక శరీరంలో గాజులాంటి సిలికా సూదులు ఉంటాయి, కంటికి కనిపించనంత చిన్నవి. ఆ పొడిని ముఖానికి రుద్దితే సూదులు మృతకణాల పొరలో దిగబడతాయి. రెండు మూడు రోజులు ముఖం తాకితే చురుక్కుమంటుంది. స్పంజిక మొక్క కాదు, జంతువు. ‘పూర్తిగా మూలికలే’ అన్న డబ్బా మీద చిన్న అక్షరాల్లో స్పాంజిల్లా అని ఉంటే ఆ చురుకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినట్టే.

మన ఇళ్లలో నలుగు పెట్టడం ఈ మూడింటిలో ఏదీ కాదు. పెసరపిండో శనగపిండో పసుపుతో, నూనెతో కలిపి రుద్దినప్పుడు పోయేది జిడ్డు, అప్పటికే రాలడానికి సిద్ధంగా ఉన్న కణాలు. అది శుభ్రం చేస్తుంది, ఒలవదు. మరునాడు ముఖం మీద పొట్టు లేవదు, ఎండకు మండదు. నలుగును చూపించి ‘ఇది మన సంప్రదాయమే కదా’ అంటూ పీల్ అమ్మడం రెండు వేర్వేరు పనులను ఒకే గాటన కట్టడమే.

మొక్క అంటే మెత్తనిదా?

పలాస జీడిపప్పు తెలియని తెలుగువారు ఉండరు. ఆ పప్పు చుట్టూ ఉండే పెంకులో కార్డాల్, అనకార్డిక్ ఆమ్లం ఉన్న నూనె ఉంటుంది. అది తగిలితే చర్మం బొబ్బలెక్కి ఊడుతుంది. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు చేతులకు నూనె, బూడిద పట్టించుకునేది అందుకే. 18వ శతాబ్దంలో కరీబియన్ దీవుల్లో స్థిరపడిన ఐరోపా స్త్రీలలో కొందరు ఈ జీడిపెంకు నూనెనే ముఖానికి పూసుకుని, ఎండకు కమిలిన చర్మం ఒలిచివేసుకునేవారని ఆనాటి రాతల్లో ఉంది. అచ్చమైన హెర్బల్ పీల్ అంటే అదే మరి. బొబ్బలు మానేదాకా వాళ్లు గది దాటి బయటకు రాలేకపోయేవారు.

దాని దగ్గరి చుట్టం నల్లజీడి. చాకలివాళ్లు బట్టల మీద చెరగని గుర్తు పెట్టడానికి దాని రసం వాడేవారు. ఆయుర్వేదంలో అది భల్లాతకం. శుద్ధి చేయకుండా దాన్ని వాడకూడదని ఆయుర్వేదమే చెబుతుంది. మన ఔషధ నియమాల్లో విషపూరిత మూలికల పట్టికలో దాని పేరుంది. అలాంటివి కలిసిన మందులను వైద్య పర్యవేక్షణలోనే వాడాలని లేబుల్ మీద రాయాలి. మొక్కలన్నీ మెత్తనివని ఆయుర్వేదం ఏనాడూ అనలేదు. ఆ మాట ప్రకటనల్లో పుట్టింది.

బావంచాలు ఇంకో రకం. వాటిలోని సోరలెన్ చర్మంలోకి చేరాక ఎండ పడితే చర్మం రంగు ముదురుతుంది. అందుకే బొల్లి చికిత్సలో వాడతారు, జాగ్రత్త తప్పితే కాలిన బొబ్బలు వస్తాయి. సోరలెన్‌కు దగ్గరి రసాయనాలు నిమ్మజాతి పండ్ల తొక్కల్లోనూ ఉన్నాయి. నిమ్మకాయ పిండిన చేతులతో ఎండలో తిరిగినవారికి చారలు చారలుగా ఎర్రని మంట, తర్వాత వారాల తరబడి గోధుమరంగు మచ్చలు రావడం వైద్యులకు బాగా తెలిసిన సంగతి. పైగా నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 2.6 మధ్య ఉంటుంది. ‘తెల్లబడటానికి’ ముఖానికి నిమ్మచెక్క రుద్దుకుని మేడ మీద బట్టలు ఆరేయడానికి వెళ్లడం కన్నా మచ్చలకు దగ్గరి దారి లేదు.

గోధుమ చర్మం చేసే ఎదురుదాడి

ఇప్పుడు బట్టకూ చర్మానికీ ఉన్న తేడా దగ్గరికి రావాలి. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారయ్యేది పైన కాదు, బాహ్యచర్మం అట్టడుగున ఉండే మెలనోసైట్లలో. పీల్ పైనున్న కణాలను, వాటిలోని కొద్దిపాటి రంగును తొలగిస్తుంది. కర్మాగారం మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి పుట్టుకతో వచ్చిన చర్మం రంగును ఏ పీల్ కూడా మార్చలేదు. మొదటి వారంలో కనిపించే మెరుపు నున్నబడిన ఉపరితలం మీద వెలుతురు సమంగా పరావర్తనం చెందడం వల్ల వచ్చేది. సన్నని గీతలు మాయమైనట్టు కనిపించడం వెనుక కొంత వాపు కూడా ఉంటుంది. వాపు తగ్గితే గీతలు తిరిగి వస్తాయి.

మన దేశంలో ఎక్కువమందిది గోధుమ, చామన ఛాయ చర్మం. ఈ చర్మంలోని మెలనోసైట్లు చురుకైనవి. కాలినా, గీరుకున్నా, మొటిమ వచ్చినా, మంట అనే సంకేతం అందగానే అవి ఎక్కువ రంగు తయారు చేస్తాయి. మొటిమ మానాక నెలల తరబడి మిగిలే నల్లమచ్చ ఇలా వచ్చేదే. పీల్ అనేది మనం కావాలని తెచ్చుకునే మంట. అది హద్దులో ఉంటే మచ్చ తగ్గవచ్చు. హద్దు దాటితే, లేని మచ్చ కొత్తగా వస్తుంది. ఏ నలుపును పోగొట్టుకోవాలని డబ్బు కట్టారో ఆ నలుపే ఎక్కువై తిరిగి వస్తుంది. తెల్లని చర్మం మీద పరీక్షించిన పద్ధతిని మన ముఖాల మీద యథాతథంగా వాడటంలో ఉన్న అసలు ప్రమాదం ఇది. పార్లర్ మాటల్లో ఇది దాదాపు వినబడదు.

భారత చర్మవైద్యుల సంఘం 2008లో పీల్‌ల మీద ప్రమాణాలు ప్రచురించింది. భారతీయుల చర్మానికి లోతైన పీల్‌లు సిఫారసు చేయడం లేదని అందులో స్పష్టంగా ఉంది. పీల్‌కు ముందు 2 నుంచి 4 వారాల పాటు సన్‌స్క్రీన్, మచ్చను అదుపు చేసే మందులతో చర్మాన్ని సిద్ధం చేయాలని కూడా ఉంది. ఈ సిద్ధం చేసే దశ చాలాచోట్ల మాయమవుతుంది. ముహూర్తం దగ్గరపడ్డాక పార్లరుకు వెళ్లేవారికి అంత వ్యవధీ ఉండదు.

ఎండ సంగతి మరీ ముఖ్యం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ప్రస్తావించే అధ్యయనాల్లో, ఆల్ఫా హైడ్రాక్సీ ఆమ్లాన్ని 4 వారాలు రాసుకున్నవారి చర్మం అతినీలలోహిత కాంతికి ఎర్రబడే గుణం 18 శాతం పెరిగింది. వాడకం ఆపిన వారంలోపు అది మామూలు స్థితికి వచ్చింది. సూరత్ లాంటి చోట, స్కూటర్ మీద మార్కెట్లు తిరిగే పెళ్లిపనుల మధ్య, పొట్టు లేచిన ముఖాన్ని ఎండ నుంచి కాపాడుకోవడం చెప్పినంత తేలిక కాదు.

మరి దేనికి పనికొస్తుంది?

పీల్ వృథా అని చెప్పలేం. మొటిమలకు, అవి మిగిల్చిన మచ్చలకు, మంగుకు కొలత తెలిసిన ఆమ్లాలతో చేసిన పైపై పీల్‌లు ఉపయోగపడతాయని భారతీయ రోగుల మీదే ఆధారాలు ఉన్నాయి. 2002లో రష్మీ సర్కార్, ఆమె సహచరులు ప్రచురించిన అధ్యయనంలో మంగు ఉన్న 40 మంది పాల్గొన్నారు. సగం మందికి పూత మందులు మాత్రమే, మిగతా సగం మందికి వాటితో పాటు గ్లైకోలిక్ పీల్‌లు. రెండు జట్లకూ మేలు జరిగింది, పీల్ కూడా చేయించుకున్నవారికి ఎక్కువ జరిగింది. 2009లో ఢిల్లీ చర్మవైద్యులు మొటిమలున్న 44 మందిలో 35 శాతం గ్లైకోలిక్ పీల్‌ను, 20 శాతం సాలిసిలిక్, 10 శాతం మాండెలిక్ కలిసిన పీల్‌తో పోల్చారు. రెండూ పనిచేశాయి. చురుకుగా ఉన్న మొటిమలకు, నల్లమచ్చలకు రెండోది మెరుగనిపించింది.

ఇవి పెద్ద అధ్యయనాలేమీ కావు. అయినా వీటిలో గమనించాల్సినది ఒకటుంది: ఏ ఆమ్లం, ఎంత శాతం, ఎవరికి, ఎంతకాలం అన్నది రాసి ఉంది. మరో వైద్యుడు దాన్ని తిరిగి చేసి చూడగలడు. పార్లర్‌లో కలిపే మూలికల ముద్ద గురించి అలా చెప్పలేం. అది ఈ వారం ఒకలా, వచ్చే వారం ఇంకోలా ఉంటుంది. ఒకరికి బాగా పనిచేసిందన్న మాట నిజమే కావచ్చు. రెండో మనిషికి అదే జరుగుతుందన్న హామీ అందులో లేదు.

మంగు విషయంలో ఇంకో చేదు నిజం కూడా ఉంది. అది తిరిగి వస్తుంది. హార్మోన్లు, ఎండ, కంటికి కనిపించే వెలుతురు కూడా దాన్ని రేపుతాయి. ఆరు సిట్టింగుల తర్వాత సన్‌స్క్రీన్ మానేస్తే పెట్టిన ఖర్చు కొద్ది నెలల్లో కరిగిపోతుంది. ఆ డబ్బులో కొంత భాగంతో ఏడాది పొడవునా సన్‌స్క్రీన్ వాడితే చాలామందికి పీల్ అవసరమే రాకపోవచ్చు. ఐరన్ ఆక్సైడ్ కలిసిన, చర్మం రంగులో ఉండే సన్‌స్క్రీన్ మంగు ఉన్నవారికి మరీ మంచిది. అది కంటికి కనిపించే వెలుతురును కూడా కొంత అడ్డుకుంటుంది.

ఇక మంట సంగతి. ఆమ్లం రాసినప్పుడు కొద్దిగా చిమచిమలాడటం మామూలే. కానీ ఎంత మండితే అంత మంచిది అన్నదానికి ఆధారం లేదు. ఎక్కువ పొట్టు రాలితే ఎక్కువ ఫలితం అన్నదానికీ లేదు. పైపై పీల్ బాగా పనిచేసినప్పుడు కంటికి కనిపించేంత పొట్టు రాలకపోవచ్చు కూడా. గోధుమ చర్మం మీద గట్టి మంటను హెచ్చరికగా చూడాలి.

పీల్ వెంట వచ్చే డబ్బా

పీల్ చేశాక ఇంట్లో రాసుకోమని ఒక క్రీము ఇస్తారు. కొన్నిసార్లు దాని మీద పేరు, లైసెన్సు నంబరు, ముడిపదార్థాల పట్టిక ఏదీ ఉండదు. ఒలిచిన చర్మం అంటే గోడ పలచబడిన ఇల్లు. మామూలుగా బయటే ఆగిపోయేది కూడా లోపలికి పోతుంది. కాబట్టి పీల్ కన్నా ఆ డబ్బా గురించే ఎక్కువ జాగ్రత్త పడాలి.

అలాంటి క్రీముల్లో తరచూ దొరికే దొంగ సరుకు స్టిరాయిడ్. రాసిన రెండు రోజులకే ఎరుపు తగ్గి ముఖం తేటపడుతుంది. నెలలు గడిచాక చర్మం పలచబడి, సన్నని రక్తనాళాలు బయటపడి, మొటిమలు విరగకాస్తాయి. ఆపితే మంట. 2011లో ప్రచురితమైన, దేశంలోని పలు కేంద్రాల్లో జరిగిన అధ్యయనంలో ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిలో 433 మంది, అంటే 14.8 శాతం, ముఖానికి స్టిరాయిడ్ పూతలు వాడుతున్నట్టు తేలింది. 2018లో కేంద్రం 14 రకాల స్టిరాయిడ్ పూతలను వైద్యుడి చీటీ ఉంటేనే అమ్మాల్సిన జాబితాలో చేర్చింది.

రెండోది పాదరసం. ఢిల్లీలోని సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెంటర్ 2014లో పరీక్షించిన 32 ఫెయిర్‌నెస్ క్రీముల్లో 14 వాటిలో పాదరసం కనిపించింది. కేరళలోని కొట్టక్కల్‌లో మూత్రపిండ వైద్యులు 2021 జూలై నుంచి 2023 సెప్టెంబర్ వరకు చూసిన 22 మెంబ్రేనస్ నెఫ్రోపతీ కేసుల్లో 15 ఒకే ప్రత్యేక రకానివి. ఆ 15 మందిలో 13 మంది చర్మం తెల్లబరిచే క్రీములు వాడినవారే. ముఖానికి రాసింది మూత్రపిండం దాకా పోతుందని ఊహించడం కష్టం. కానీ చాలామందికి క్రీము ఆపాక జబ్బు తగ్గుముఖం పట్టింది.

‘హెర్బల్’ అనేది చట్టం ఇచ్చే లైసెన్సు పేరు కాదు. ఆయుర్వేద ఔషధానికి ఒక లైసెన్సు, సౌందర్య సాధనానికి మరొకటి ఉంటాయి. రెండింటిలో ఏదో ఒక నంబరు డబ్బా మీద ఉండాలి. సౌందర్య సాధనమైతే ముడిపదార్థాల పేర్లు ఎక్కువ నుంచి తక్కువకు వరుసలో రాసి ఉండాలి. అవి లేని సరుకు ఎంత మూలికల వాసన వేసినా ముఖానికి రాయకపోవడమే మేలు.

వెళ్లేవారు అడగాల్సినవి

పీల్ చేయించుకోవాలని నిర్ణయించుకున్నవారు ముందుగా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నారా, పెదవుల దగ్గర తరచూ నీటిపొక్కులు వస్తాయా, గాయాలు ఉబ్బెత్తు మచ్చలుగా మానుతాయా, గర్భవతులా. ఇవేవీ అడగకుండా ముఖం కడగమనే చోట పీల్ చేయించుకోకూడదు. ఆమ్లం పేరు, శాతం, ముఖం మీద ఉంచే నిమిషాలు చెప్పమని అడగవచ్చు. చెవి వెనుక కొద్దిగా రాసి ఒకటి రెండు రోజులు చూడమని కూడా అడగవచ్చు. పెళ్లికి ముందు వారంలో తొలి పీల్ చేయించుకోవడం జూదం. ఒకవేళ మచ్చ పడితే అది ముహూర్తంలోగా పోదు. చేయించుకోవాల్సిందే అయితే మొదలుపెట్టాల్సింది మూడు నాలుగు నెలల ముందు.

సలాబత్‌పురాకు దగ్గర్లోనే ఉమర్‌వాడాలో నగరపాలక సంస్థ నడిపే స్మిమెర్ వైద్యకళాశాల ఆస్పత్రి ఉంది. మజూరా గేట్ వైపు ప్రభుత్వ న్యూ సివిల్ ఆస్పత్రి ఉంది. రెండు చోట్లా చర్మవ్యాధుల విభాగాలు ఉన్నాయి. ముఖం మీద ఉన్నది మంగా, మొటిమ మచ్చా, పుట్టు రంగా అని ముందు అక్కడ చూపించుకుంటే ఆరు సిట్టింగుల ఖర్చు అవసరమా కాదా అన్నది చాలావరకు తేలిపోతుంది. పుట్టు రంగే అయితే వైద్యుడు చేయాల్సిన పని ఏమీ లేదు.

ఇప్పటికే ఎక్కడో చేయించుకుని ముఖం బాగా మండుతుంటే చల్లని మంచినీళ్లతో కొన్ని నిమిషాలు కడగాలి. దాని మీద పసుపు, నిమ్మ, టూత్‌పేస్ట్, ఇంట్లో ఉన్న గులాబీరంగు క్రీము ఏదీ పూయకూడదు. లేచిన పొట్టును గోళ్లతో లాగకూడదు. లాగిన చోటే మచ్చ పడుతుంది. వాసన లేని పెట్రోలియం జెల్లీ పలచగా రాసి, ఎండకు పోకుండా, వాడిన డబ్బాను పారేయకుండా వెంటపెట్టుకుని చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లాలి. బొబ్బలు, చీము, కంటి దగ్గర వాపు ఉంటే ఆ రోజే వెళ్లాలి. పీల్ వల్ల పడ్డ నల్లమచ్చలు చాలావరకు తగ్గుతాయి, కానీ వారాల్లో కాదు, నెలల్లో.